నిలబెట్టే యంత్రానికి వెల ఎంత?

మనిషికి కాళ్ళు రెండే అయినా, కాళ్ళ మీద మన తెలుగులో వున్నన్ని మాటలు చేతుల మీద వున్నాయో లేదో నాకు అనుమానమే. కొడుకు ఉద్యోగంలో చేరితే "తన కాళ్ళ మీద తాను నిలబడ్డాడు" అంటాం. కష్టాల్లో ధైర్యంగా పిల్లల్ని పెంచుకొచ్చిన ఇల్లాలిని "నిలదొక్కుకుంది" అని మెచ్చుకుంటాం. నిలబడడం గౌరవం, కూలబడడం ఓటమి అని మన భాషే తీర్పు చెప్పేసింది. ఇక కాళ్ళు పడిపోయిన ఆడపిల్ల చక్రాల కుర్చీలో కూర్చుని ఎంత చదువు చదివినా, ఎంత సంపాదించినా, చూడవచ్చిన చుట్టాలు మాత్రం "పాపం, ఎప్పటికి లేచి నడుస్తుందో!" అని నిట్టూర్చిగాని కాఫీ పుచ్చుకోరు.

అంచేత, కాళ్ళకు తొడిగితే మనిషిని లేపి నడిపించే యంత్రాలు వచ్చాయని తెలిసేసరికి అలాంటి ప్రతి ఇంట్లోనూ ఆశ చిగురించడంలో వింతేమీ లేదు. 2024 జూలైలో పారిస్ ఒలింపిక్స్ జ్యోతిని, చక్రాల కుర్చీలో టెన్నిస్ ఆడే ఒక ఫ్రెంచి ఆటగాడు ఇలాంటి యంత్రం తొడుక్కుని, నిలువునా నడుస్తూ మోశాడు. ఆ బొమ్మ ప్రపంచమంతా చూసింది. ఈ యంత్రాల్ని ఎక్సోస్కెలిటన్లు అంటారు. పీతకూ రొయ్యకూ గట్టి భాగం వొంటి పైన పెంకులాగా వుంటుంది చూశారూ, అలాంటి పై అస్థిపంజరమన్నమాట.

చూడ ముచ్చటగానే వుంది. కాని వెల ఎంత? మన ఇంట్లో పనికి వస్తుందా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతుకుతూ నేను కొంచెం వెనక్కి, చరిత్రలోకి వెళ్ళాను. అక్కడ నాకు మూడో ప్రశ్న ఎదురయింది. అది ఈ రెండింటికన్నా పెద్దది.

స్పెయిన్ దేశపు రాజు రెండో ఫిలిప్‌కు కీళ్ళవాతం. ఆయన కోసం చేసిన ఒక కుర్చీ బొమ్మ 1595 నాటిది ఇప్పటికీ వుంది. కాళ్ళకు చిన్న చక్రాలు, వెనక్కి వాలే వీపు, కాళ్ళు చాపుకునే పలక, సకల సౌకర్యాలూ వున్నాయి. ఒక్కటే లేదు. ఆ కుర్చీ తనంతట తాను కదలదు. రాజుగారు ఎక్కడికి వెళ్ళాలన్నా వెనకాల నౌకరు తొయ్యాలి. రాజుగారికి నౌకర్లకు కొదవా? ఆ లోటు ఆయనకు లోటుగా తోచి వుండదు.

తోచింది ఒక బీదవాడికి. జర్మనీలో నూరెంబర్గు దగ్గర స్టెఫాన్ ఫార్‌ఫ్లర్ అని గడియారాలు చేసేవాడు వుండేవాడు. కాళ్ళు పనిచెయ్యవు. 1655లో, ఇరవై రెండేళ్ళ వయసులో, గడియారాల పళ్ళచక్రాల విద్యనే వాడుకుని తన కోసం మూడు చక్రాల బండి తయారుచేసుకున్నాడు. చేతులతో పిడి తిప్పితే ముందు చక్రం తిరుగుతుంది. తోసేవాళ్ళ అవసరం లేదు. మన వూళ్ళ బజార్లలో చేత్తో పెడలు తిప్పుకుంటూ పోయే మూడు చక్రాల బళ్ళన్నిటికీ ముత్తాత ఆ బండే.

నా మూడో ప్రశ్న ఇదే: వెనకాల ఎవరు? యంత్రం వెనకాల నిలబడాల్సిన మనిషి ఎవరు? రాజుగారి కుర్చీకీ, గడియారాల పనివాడి బండికీ అసలు తేడా ఖరీదులో లేదు, అందులో వుంది. ఈ ప్రశ్న ఆడవాళ్ళం మనమే అడగాలి. ఎందుకంటే, మన ఇళ్ళల్లో ఆ వెనకాల వుండేది సాధారణంగా తల్లో, భార్యో, కోడలో.

ఫార్‌ఫ్లర్ తరవాత కూడా పనికొచ్చే మార్పులు కుర్చీలో కూర్చున్నవాళ్ళ నుంచే వచ్చాయి. అమెరికాలో హెర్బర్ట్ ఎవరెస్టు అనే గని ఇంజనీరు 1918లో గనిలో ప్రమాదం జరిగి నడుము విరగ్గొట్టుకున్నాడు. ఆ నాటి కుర్చీలు కారులో పట్టేవి కావు. ఆయనా, స్నేహితుడు హారీ జెన్నింగ్సూ కలిసి 1933లో మడత పెట్టే ఇనప కుర్చీ చేశారు. మన ఆస్పత్రి వరండాల్లో ఇప్పటికీ కనిపించే నమూనా అదే. అయితే అది సుమారు 23 కిలోలు. బియ్యం బస్తా ఎత్తినంత పని. వాళ్ళ కంపెనీ పెద్దదయింది, దాదాపు పోటీ లేకుండా పోయింది, చివరకు 1970లలో ధరల విషయంలో అమెరికా ప్రభుత్వమే దాని మీద దావా వేసే దాకా వచ్చింది.

ఆ ఏకఛత్రాధిపత్యానికి గండి కొట్టింది ఒక ఆడమనిషి. కాలిఫోర్నియాలో మారిలిన్ హామిల్టన్ గాలిలో తేలే గ్లైడరు మీద నుంచి 1978లో పడి నడక పోగొట్టుకుంది. ఇచ్చిన కుర్చీ చూసి ఆమెకు మండుకొచ్చింది. మోటు, బరువు, పైగా ఆస్పత్రి రంగు! గ్లైడర్లు తయారుచేసే ఇద్దరు స్నేహితుల్ని పిలిచి, "మీ గ్లైడరు గొట్టాలతోనే నాకో కుర్చీ చెయ్యండి" అంది. చేశారు. బరువు సగానికి సగం తగ్గింది. ముచ్చటైన రంగులు వేశారు. ఆ తరవాత ముగ్గురూ కలిసి కంపెనీ పెట్టారు. తేలిక కుర్చీల యుగం అలా మొదలయింది. పట్టుచీర కొనేటప్పుడు రంగు చూడని ఆడది వుండదు గదా. కుర్చీ దగ్గర మాత్రం ఎందుకు చూడకూడదు?

ఇక నడిచే యంత్రం సంగతి. దీని చరిత్ర సైనికుల కోసం మొదలయింది, రోగుల కోసం కాదు. 1890లో నికొలస్ యాగ్న్ అనే రష్యన్ కాళ్ళకు కట్టుకునే పొడుగాటి స్ప్రింగు బద్దలకు అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. నడవడం, పరుగెత్తడం, దూకడం సులువవుతాయని ఆయన వాదం. 1965లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ "హార్డిమన్" అని బ్రహ్మాండమైన యంత్రం మొదలుపెట్టింది. తొడుక్కున్నవాడు ఏనుగంత బరువులు అవలీలగా ఎత్తాలని కోరిక. యంత్రం బరువే 680 కిలోలు! మొత్తం యంత్రాన్ని ఒక్కసారిగా కదిలించబోతే వెర్రిగా కొట్టుకునేదట. లోపల మనిషిని పెట్టి మొత్తం నడిపే సాహసం ఎవరూ చెయ్యలేదు. చెయ్యి ఒకటి పనిచేసిందనిపించుకుని 1970ల మొదట్లో మూలపడింది.

నడవలేని వాళ్ళను నడిపించాలని శ్రద్ధగా పూనుకున్నది యుగోస్లావియాలో. బెల్‌గ్రేడు నగరంలో మిహాయిలో పుపిన్ సంస్థలో మియోమిర్ వుకోబ్రతోవిచ్ అనే ఆచార్యుడు, నడిచే యంత్రం పడిపోకుండా ఎలా వుండాలో ముందు లెక్కలు కట్టాడు. గాలి వొత్తిడితో కదిలే కాళ్ళ తొడుగు తయారుచేసి, 1972 ప్రాంతాల్లో అక్కడి ఎముకల ఆస్పత్రిలో కాళ్ళు పడిపోయిన రోగులతో అడుగులు వేయించాడు. ఆ లెక్కలే నేటి రెండు కాళ్ళ రోబోట్లకు ఓనమాలు. కాని యంత్రం ఆస్పత్రి గడప దాటలేదు. మోటారు చిన్నదీ, బ్యాటరీ తేలికదీ, కంప్యూటరు జేబులో పట్టేదీ అయ్యేదాకా మరో ముప్ఫయి ఏళ్ళు ఆగాల్సి వచ్చింది.

ఆగినవాళ్ళ కోసమా అన్నట్టు ఇజ్రాయెల్‌లో అమిత్ గోఫర్ అనే ఇంజనీరు వచ్చాడు. 1997లో వాహన ప్రమాదంలో మెడ దెబ్బతిని కాళ్ళూ చేతులూ కూడా పోగొట్టుకున్నాడు. "వందల ఏళ్ళుగా కుర్చీ తప్ప మరో గతి లేదా?" అన్న పట్టుదలతో 2001లో కంపెనీ పెట్టి "రీవాక్" అనే యంత్రం చేయించాడు. తుంటి దగ్గరా మోకాళ్ళ దగ్గరా మోటార్లు. చేతికి గడియారం లాంటి మీట. లే, కూర్చో, నడువు అని దాంతో చెప్పాలి. వొళ్ళు కాస్త ముందుకు వంచితే ఆ వాలును పసిగట్టి కాలు ముందుకు వేస్తుంది. బరువు సుమారు పాతిక కిలోలు, మొయ్యడం యంత్రం వంతే. పడిపోకుండా చూసుకోవడం మాత్రం తొడుక్కున్నవాళ్ళ వంతు, రెండు చేతికర్రలతో.

ఇక్కడే విధి వెక్కిరింపు చూడండి. చేతులు బలంగా వుంటే గాని కర్రలు పట్టలేరు. గోఫర్‌కు చేతులూ సరిగ్గా పనిచెయ్యవు. తాను కనిపెట్టిన యంత్రం తనకే పనికి రాలేదు! ఆయన కుంగిపోలేదు. తరవాత మరో కంపెనీ పెట్టి, మనిషిని నిలువునా నిలబెట్టి చక్రాల మీద తీసుకుపోయే బండి చేశాడు. నడక యంత్రం కనిపెట్టిన మనిషి చివరకు నిలబడింది చక్రాల మీద!

రీవాక్‌కు పేరు తెచ్చింది ఇంగ్లండుకు చెందిన క్లెయిర్ లోమాస్. 2007లో గుర్రం మీద నుంచి పడి ఛాతీ కింద నుంచి స్పర్శ పోయిన ఆమె, 2012లో ఆ యంత్రంతో లండన్ మారథాన్‌కు బయలుదేరింది. 42 కిలోమీటర్లు. ఏప్రిల్ 22న మొదలుపెట్టి మే 8న ముగించింది, అంటే 17 రోజులు! ఒక్క రోజులో ముగించలేదు గనక నిబంధనల ప్రకారం పతకం లేదన్నారు నిర్వాహకులు. అది విని, పరుగు ముగించిన కొందరు తమ పతకాలే ఆమెకు పంపించారు. చదువుతూ వుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

అయితే ఆ బొమ్మల్లో మరో మనిషి వున్నాడు. ఆమె భర్త. ప్రతి అడుగులోనూ ఆమె వెనకాలే నడిచాడు, పడితే పట్టుకోవడానికి. ఆ పని దయతో చేసింది మాత్రమే కాదు, యంత్రం షరతు కూడా. 2014లో అమెరికా ప్రభుత్వం ఇంట్లో వాడుకోవడానికి రీవాక్‌కు అనుమతి ఇచ్చినప్పుడు, శిక్షణ పొందిన తోడు మనిషి వెంట వుండాలని నియమం పెట్టింది. చూశారా, రాజు ఫిలిప్ నౌకరు మళ్ళీ వచ్చేశాడు!

ఇప్పుడు వెల. అనుమతి వచ్చిన కొత్తల్లో దాని ఖరీదు సుమారు 70 వేల డాలర్లు, అప్పటి లెక్కన 42 లక్షల రూపాయలు. కాలం గడిస్తే టీవీలూ ఫోన్లూ చవకవుతాయి గదా, ఇదీ తగ్గుతుందనుకుంటాం. తగ్గలేదు. అమెరికా ప్రభుత్వపు మెడికేర్ బీమా 2024 ఏప్రిల్ నుంచి ఇలాంటి యంత్రానికి కట్టిన ధర సుమారు 91,032 డాలర్లు. మన డబ్బులో 75 లక్షల పైమాటే. అమ్ముడయ్యేవి కొద్ది, ప్రతి మనిషి కొలతకూ సర్దాలి, వారాల తరబడి శిక్షణ ఇవ్వాలి. మరి చవక ఎలా అవుతుంది? అక్కడ మాజీ సైనికులకైతే 2015 చివర నుంచి ప్రభుత్వమే అర్హత చూసి ఇప్పిస్తున్నది. జపానులో చర్మం మీది విద్యుత్ సంకేతాలు పట్టుకుని కదిలే "హాల్" అనే తొడుగును, కొన్ని కండరాల జబ్బులకు చికిత్సగా, 2016లో ఆరోగ్య బీమాలో చేర్చారు. అంటే ధర తగ్గలేదు, భరించే చెయ్యి మారిందంతే.

వెల చెల్లించగలిగినా, కొలత కుదరాలి. రీవాక్ 160 నుంచి 190 సెంటీమీటర్ల ఎత్తున్న వాళ్ళకు. మన దేశపు స్త్రీ సగటు ఎత్తు 152 దరిదాపుల్లో వుంటుంది. మనలో చాలామందికి ఆ తలుపు దగ్గరే ప్రవేశం లేదన్నమాట! ఎముకలు గట్టిగా వుండాలి కూడా. ఏళ్ళ తరబడి కాళ్ళ మీద బరువు పడకపోతే ఎముకలు గుల్లబారతాయి, అడుగు వేయిస్తే విరిగే ప్రమాదం వుంది.

అన్నిటినీ మించి, వంటింటి పరీక్ష ఒకటి వుంది. రెండు చేతులూ కర్రలకే అంకితమయితే కాఫీ గ్లాసు పట్టుకునేదెలా? కూర గిన్నె దించేదెలా? చక్రాల కుర్చీలో కూర్చున్న ఇల్లాలు ఒడిలో పళ్ళెం పెట్టుకుని గది గదికీ తిరగగలదు. నిలబడి నడిచే ఇల్లాలికి ఆ వీలు లేదు. న్యూజిలాండ్‌లో ఇద్దరు చిన్ననాటి స్నేహితులు, ఇద్దరి తల్లులూ చక్రాల కుర్చీలోనే వుండడం చూసి పెరిగినవాళ్ళు, కర్రలు అక్కర్లేని "రెక్స్" అనే యంత్రం చేసి 2010లో చూపించారు. చేతులు ఖాళీయే. కాని యంత్రం 38 కిలోలు, నడక నత్తనడక, ధర అక్కడి డాలర్లలో లక్షన్నర.

మరమ్మతు సంగతి మరిచిపోకండి. అమెరికాలో గుర్రప్పందాల్లో పడి కాళ్ళు పోయిన ఒకాయన సుమారు లక్ష డాలర్ల యంత్రంతో పదేళ్ళ పాటు నడిచాడు. 2024లో చేతి మీటలో చిన్న వైరు వూడిపోయింది. కంపెనీవాళ్ళు "అయిదేళ్ళు దాటిన యంత్రాల్ని మేం ముట్టుకోం" అన్నారు. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ అంటే ఇదే గదా! పత్రికల్లో గోల అయ్యాక దిగివచ్చి బాగుచేశారు. పత్రికలకెక్కని వాళ్ళ గతేమిటి? మన వీధి చివర సైకిలు షాపువాడు చక్రాల కుర్చీకి పంక్చరు వేస్తాడు, బేరింగు మారుస్తాడు. ఈ యంత్రాన్ని అతను ఏం చెయ్యగలడు?

ఇదంతా నాకు వూసుపోక తవ్విన చరిత్ర కాదు. గుంటూరులో మా అన్నయ్య కూతురు నాలుగేళ్ళ క్రితం స్కూటరు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని కుర్చీకి పరిమితమయింది. ఇంట్లోనే కూర్చుని ఒక ఆడిటరు గారికి లెక్కలు చూసిపెడుతుంది. మొన్న సంక్రాంతికి వెళితే అన్నయ్య నన్ను పక్కకు పిలిచి, "వూరి చివర స్థలం వుంది కదమ్మా, అమ్మేస్తే ఆ యంత్రం వస్తుందంటావా?" అన్నాడు. గొంతు వణికింది. వదిన ఏమీ అనలేదు, పమిటతో కళ్ళు వొత్తుకుంది.

మా మేనకోడలికి ఆ మాట వినబడనే వినబడింది. లెక్కల మనిషి గదా, కాగితం మీద రెండు గడులు గీసింది. ఒక వైపు యంత్రం: ధర, శిక్షణ, మరమ్మతు, అన్నిటి కిందా "వెనకాల మనిషి, అమ్మ" అని రాసింది. మా వదినకు నడుము నొప్పి. రెండో వైపు: గుమ్మానికి వాలు, స్నానాలగది తలుపు వెడల్పు, తేలిక కుర్చీ, దానికి ముందు తగిలించుకునే మోటారు బండి. ఆ గడిలో వెనకాల మనిషి లేదు.

"అయితే నీకు నిలబడాలని లేదుటే?" అన్నాను.

"లేదని ఎవరన్నారత్తయ్యా? అటక మీద ఏముందో చూసి నాలుగేళ్ళయింది. నాతో మాట్లాడేవాళ్ళు వంగకుండా, నా కళ్ళలోకి చూస్తే చాలని వుంటుంది. కాని దానికి నాన్న స్థలమూ, అమ్మ నడుమూ రెండూ పోవాలా?" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ కోరికను "అత్యాశ" అనే హక్కు ఎవరికీ లేదు. నిలబడితే వొంటికీ మంచిదే. కాళ్ళు బిగుసుకుపోవు, జీర్ణం కుదుటపడుతుంది, మనసుకు వచ్చే బలం చెప్పనే అక్కర్లేదు. ఆ సుఖాన్ని ఏ దారిన అందుకోవాలన్నదే ప్రశ్న.

మనవాళ్ళకు ఆ దారి కొత్త కాదు. "మయూరి" సినిమా మనం మరిచిపోలేదు గదా! 1981లో బస్సు ప్రమాదం తరవాత కాలు పోగొట్టుకున్న సుధా చంద్రన్ జైపూరు కాలుతో మళ్ళీ నాట్యం చేసింది. 1968లో జైపూరులో శిల్పి రామచంద్ర శర్మ, డాక్టర్ సేథీ వగైరాలు కలిసి చేసిన ఆ రబ్బరు పాదంతో చెప్పుల్లేకుండా నడవవచ్చు, గొంతుకు కూర్చోవచ్చు. మన నేలకూ మన అలవాటుకూ తగ్గట్టు చేశారు గనకే లక్షల మందికి అందింది. కాలు తెగినవాళ్ళ సమస్య వేరు, వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళ సమస్య వేరు, నిజమే. వీళ్ళకు కాలుంది, మెదడు నుంచి కబురు అందదు. అయినా పద్ధతి మాత్రం అదే కావాలి. మద్రాసు ఐఐటీలో ఆచార్య సుజాతా శ్రీనివాసన్ బృందం 2019లో "అరైజ్" అనే కుర్చీ తెచ్చింది. మోటారు లేదు, చేత్తో మీట నొక్కితే కూర్చున్న మనిషి నిలబడతారు. విడుదల నాటి ధర సుమారు 15 వేల రూపాయలు. అది నడిపించదు, నిలబెడుతుంది. తన చేత్తో తానే లేవవచ్చు.

మరి నడిచే యంత్రాలకు చోటే లేదా? వుంది, చికిత్సా కేంద్రాల్లో. పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్ళకు అడుగు మళ్ళీ నేర్పడానికి, దెబ్బతిన్నవాళ్ళు వారానికి రెండుసార్లు నిలబడి నాలుగడుగులు వెయ్యడానికి ఒకే యంత్రం పదిమందికి పనికొస్తుంది. తోడు మనిషి అక్కడ జీతం మీద వుంటారు. కేరళ కుర్రవాళ్ళ కంపెనీ జెన్‌రోబోటిక్స్ చేసిన నడక నేర్పే యంత్రం ఆ వూళ్ళ ఆస్పత్రులకు చేరింది కూడా. వూరందరికీ ఒక రైసు మిల్లు వున్నట్టు జిల్లాకు ఒకటి వుంటే న్యాయం. ఎవరి ఇంట్లో వాళ్ళు మిల్లు పెట్టుకోనక్కర లేదు గదా!

ఇంట్లో మన చేతనయ్యేవి వేరే వున్నాయి. అంగుళం ఎత్తుకు అడుగు పొడుగు చొప్పున వాలు కట్టించాలి. ఆరంగుళాల మెట్టుకు ఆరడుగుల వాలు. ఇంతకన్నా నిటారయితే కుర్చీ వెనక్కి జారుతుంది. కుర్చీ వెడల్పు కొలిచి తలుపు పెట్టించాలి. మేస్త్రీకి ఈ రెండు ముక్కలూ ముందే చెబితే, కొత్త ఇంటికి పెద్దగా అదనపు ఖర్చు వుండదు. మన ఇళ్ళల్లో ముసలితనం అందరికీ వచ్చేదే గనక, ఆ వాలు ఎవరో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు అక్కరకొస్తుంది.

రేపు యంత్రాలు చవకవుతాయి, తేలికవుతాయి, అయిదడుగుల ఆడపిల్లకు సరిపోయేవీ వస్తాయి. రావాలనే కోరుకుందాం. వచ్చిన రోజున అమ్మేవాణ్ణి ధర ఒక్కటే అడిగి వూరుకోకండి. ఎవరి కొలతకు చేశారు? చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? ఎన్నేళ్ళు? చేతులు ఖాళీగా వుంటాయా? చివరగా, వెనకాల ఎవరు నడవాలి? రెండో ఫిలిప్ మహారాజు ఈ ఆఖరి ప్రశ్న వేసుకోలేదు, ఆయనకు అక్కర లేకపోయింది. గడియారాల పనివాడు వేసుకున్నాడు. అందుకే రాజుగారి కుర్చీ బొమ్మలో మిగిలింది, పనివాడి బండి బజారులో తిరుగుతున్నది.